118 బిలియన్ డాలర్లు ఎటు పోయాయి: ఆర్‌బీఐ నిల్వల లెక్కపై ఒక కేస్ స్టడీ

2022 అక్టోబర్ 28, శుక్రవారం వచ్చిన ఆర్‌బీఐ వారపు గణాంకాల ప్రకారం, అక్టోబర్ 21 నాటికి దేశ విదేశీ మారక నిల్వలు 524.52 బిలియన్ డాలర్లు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్ 3న ఇవి 642.45 బిలియన్లు. అప్పటికి అదే రికార్డు. అంటే పదమూడు నెలల పైచిలుకులో దాదాపు 118 బిలియన్లు తగ్గాయి. అదే 2022 అక్టోబర్‌లో డాలర్ ధర మొదటిసారి 83 రూపాయలు దాటింది.

అప్పుడు నేను ఫారెక్స్ సలహాలు ఇస్తున్న కంపెనీల్లో హైదరాబాద్ శివారులోని ఒక మందుల కంపెనీ ఉంది. ముడిసరుకు బయటి నుంచి తెచ్చుకుంటుంది, చెల్లింపులు డాలర్లలో. దాని ఫైనాన్స్ హెడ్ అడిగినది సూటి ప్రశ్న. "ఈ స్పీడులో పోతే ఆర్‌బీఐ ఎన్నాళ్లు నిలబడుతుందండీ? మార్చి దాకా కట్టాల్సిన డాలర్లన్నీ ఇప్పుడే బుక్ చేసేద్దామా?"

ఆ ప్రశ్న వెనుక ఒక ఊహ ఉంది. నిల్వలు 118 తగ్గాయంటే ఆర్‌బీఐ 118 అమ్మింది అని. పత్రికలు కూడా చాలావరకు అలాగే రాస్తున్నాయి. ఆ ఊహ ఎంతవరకు నిజమో తేల్చకుండా హెడ్జింగ్ (రేటు మారే ముప్పు నుంచి ముందే కాపాడుకోవడం) మీద నిర్ణయం తీసుకోవడం నాకు ఇష్టం లేదు. దాని కోసం చేసిన లెక్క ఇది. కొన్ని అంకెలు ఆ తర్వాతి నెలల్లో విడుదలయ్యాయి. వాటినీ ఇక్కడ కలిపాను.

వారపు పట్టికలో ఏముంటుంది

ఆ పట్టికలో నాలుగు వరుసలు ఉంటాయి: విదేశీ కరెన్సీ ఆస్తులు, బంగారం, ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి, అంటే ఐఎంఎఫ్, సభ్య దేశాలకు కేటాయించే ఆస్తి), ఐఎంఎఫ్‌లో మనకున్న రిజర్వ్ ట్రాంచ్ (మన కోటాలో అవసరమైతే వెంటనే తీసుకోగల భాగం). ప్రతి శుక్రవారం వచ్చేది అంతకు ముందటి శుక్రవారం నాటి లెక్క. 2022 అక్టోబర్ 21న మొదటి వరుస 465 బిలియన్లు, బంగారం 37 బిలియన్లు. మిగతా రెండూ కలిపి 22 బిలియన్లు.

వీటిలో మొదటిదే అసలైన వరుస. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో ఆర్‌బీఐ చట్టం, 1934 గీత గీసింది. ఇతర కేంద్ర బ్యాంకుల్లో, కేంద్ర బ్యాంకులకు బ్యాంకు లాంటి, బాసెల్‌లోని బీఐఎస్‌లో, విదేశీ వాణిజ్య బ్యాంకుల్లో డిపాజిట్లు పెట్టవచ్చు. విదేశీ ప్రభుత్వాల బాండ్లు కొనవచ్చు, కానీ వాటి మిగిలిన గడువు పదేళ్లు మించకూడదు. షేర్లు, రియల్ ఎస్టేట్ లాంటివి లేవు. భద్రత ముందు, అవసరమైనప్పుడు వెంటనే అమ్ముకోగలగడం తర్వాత, రాబడి చివరన.

ఆర్‌బీఐ ఆరు నెలలకోసారి నిల్వల నిర్వహణపై ఒక నివేదిక ఇస్తుంది. 2003 సెప్టెంబర్ నాటి స్థితితో ఇది మొదలైంది. అప్పుడు గవర్నర్ మన కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి గారు. ఈ నివేదిక ప్రకారం 2022 మార్చి చివరన కరెన్సీ ఆస్తులు 540.7 బిలియన్లు. అందులో బాండ్లు, ఇతర సెక్యూరిటీలు 363 బిలియన్లు. కేంద్ర బ్యాంకులు, బీఐఎస్, ఐఎంఎఫ్‌ల దగ్గర 140.5 బిలియన్లు. మిగిలిన 37 బిలియన్లు విదేశీ వాణిజ్య బ్యాంకుల్లో.

ఏ కరెన్సీలో ఎంత ఉందన్నది మాత్రం బయటపెట్టరు. డాలర్, యూరో, పౌండ్, యెన్ వంటి పెద్ద కరెన్సీల్లో ఉంచుతామంటారు, అంతే. నా పనికి అది పెద్ద ఇబ్బందే. అయినా తప్పు పట్టను. వందల బిలియన్ల వాటా ఎటు కదులుతోందో ముందే చెబితే మార్కెట్ వాళ్ల కంటే ముందు పరిగెడుతుంది.

పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్ చాలామంది చదవరు. నిల్వల్లో కలపనివి అక్కడ ఉంటాయి: ఐఐఎఫ్‌సీ (యూకే) అనే మన ప్రభుత్వ మౌలిక వసతుల రుణ సంస్థ అనుబంధ కంపెనీ బాండ్లలో పెట్టిన డబ్బు, సార్క్ స్వాప్ (కరెన్సీ మార్పిడి ఒప్పందం) కింద పొరుగు దేశాలకు ఇచ్చిన డబ్బు. రెండూ ఆర్‌బీఐ ఆస్తులే, విదేశీ కరెన్సీవే. కానీ అత్యవసరంలో రేపు పొద్దున చేతికి రావు. ఐఎంఎఫ్ నిర్వచనంలో నిల్వ అనిపించుకోవాలంటే ఆస్తి కేంద్ర బ్యాంకు అదుపులో ఉండాలి, వెంటనే వాడుకోగలగాలి. 2022 జనవరిలో శ్రీలంకకు ఇచ్చిన 400 మిలియన్ డాలర్ల స్వాప్ అందుకే మన నిల్వల్లో లేదు.

అదే సమయంలో శ్రీలంక తన లెక్కలో ఇంకోలా చేసింది. చైనాతో ఉన్న 10 బిలియన్ యువాన్‌ల స్వాప్‌ను, అంటే సుమారు 1.5 బిలియన్ డాలర్లను, నిల్వల్లో చూపించింది. కానీ మూడు నెలల దిగుమతులకు సరిపడా నిల్వలు ఉంటే తప్ప దాన్ని తీసుకునే వీల్లేదన్న షరతు ఉంది. నిల్వలు అంత ఉంటే దాని అవసరమే రాదు! 2022 మే నెలలో వాడుకోదగ్గ నిల్వలు 50 మిలియన్ డాలర్ల లోపేనని ఆ దేశ ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది. మొత్తం అంకెకూ వాడుకోదగ్గ అంకెకూ తేడా ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ముందు శిఖరాన్ని చూద్దాం

తగ్గుదల లెక్క వేసే ముందు 642 అనే శిఖరం ఎలా వచ్చిందో చూడాలి. 2021 ఆగస్టు 27తో ముగిసిన వారంలో నిల్వలు ఒక్కసారిగా 16.66 బిలియన్లు పెరిగాయి. ఆర్‌బీఐ డాలర్లు కొనేసిందనుకుంటే పొరపాటు. ఆ వారం కరెన్సీ ఆస్తులు నిజానికి 1.4 బిలియన్లు తగ్గాయి. పెరిగింది ఎస్‌డీఆర్ వరుస, సుమారు 17.9 బిలియన్లు. కోవిడ్ దెబ్బకు ఐఎంఎఫ్ ఆగస్టు 23న సభ్య దేశాలన్నిటికీ కలిపి 650 బిలియన్ డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు పంచింది. మన కోటా ప్రకారం 12.57 బిలియన్ ఎస్‌డీఆర్‌లు మన ఖాతాలో పడ్డాయి. వాటికి ఎదురుగా అంతే బాధ్యత కూడా పుట్టింది. కానీ నిల్వల పట్టికలో ఆస్తి మాత్రమే కనిపిస్తుంది.

కాబట్టి 2021 సెప్టెంబర్‌తో పోల్చడం నాకు నచ్చలేదు. లెక్కకు 2022 మార్చి చివర నుంచి సెప్టెంబర్ చివర వరకు తీసుకున్నాను. ఈ ఆరు నెలలకైతే అన్ని పత్రాల్లోనూ అంకెలు దొరుకుతాయి. పైగా తగ్గుదలలో పెద్ద భాగం ఇక్కడే జరిగింది. నిల్వలు 607.3 బిలియన్ల నుంచి 532.7 బిలియన్లకు దిగాయి. తేడా 74.6 బిలియన్లు.

ధరలు తిన్నదెంత

నిల్వలను డాలర్లలో చెబుతారు, కానీ అన్నీ డాలర్లలో ఉండవు. యూరోల్లో ఉన్న ఆస్తిలో ఒక్క యూరో కూడా కదపకపోయినా, యూరో పడితే పట్టికలో అంకె తగ్గుతుంది. 2022లో జరిగింది అదే. అమెరికా ఫెడ్ మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీ రేటును సెప్టెంబర్‌కల్లా 3 నుంచి 3.25 శాతానికి తీసుకెళ్లింది. డాలర్ ముందు అన్ని కరెన్సీలూ కిందపడ్డాయి. ఈ ఆరు నెలల్లో యూరో 1.11 నుంచి 0.98కి వచ్చింది, సుమారు 11 శాతం నష్టం. పౌండ్, యెన్ చెరో 15 శాతం.

రెండో దెబ్బ బాండ్ల మీద పడింది. ఈల్డ్ (బాండుపై వచ్చే రాబడి రేటు) పెరిగితే పాత బాండు ధర పడుతుంది. మూడోది బంగారం. ఔన్సు 1,940 డాలర్ల నుంచి 1,670కి దిగింది. ఎస్‌డీఆర్ విలువ కూడా కొన్ని పెద్ద కరెన్సీల బుట్టను బట్టే ఉంటుంది కాబట్టి డాలర్ లెక్కలో సుమారు 7 శాతం తగ్గింది.

ఆర్‌బీఐ కరెన్సీల వాటా చెప్పదు కాబట్టి నేను ఊహ మీద వెళ్లాను. డాలరేతర వాటా 30 శాతం, వాటి సగటు పతనం 13 శాతం అనుకుంటే 540 బిలియన్లపై 21 బిలియన్ల నష్టం. సెక్యూరిటీల సగటు డ్యూరేషన్ (వడ్డీ రేటు మారితే ధర ఎంత కదులుతుందో చెప్పే కొలత) రెండేళ్ల పైన ఉందనుకుంటే ధరలో 4 శాతం పోతుంది. 363 బిలియన్లపై అది 14.5 బిలియన్లు. బంగారం 42.5 బిలియన్లపై దాదాపు 6 బిలియన్లు. ఎస్‌డీఆర్, రిజర్వ్ ట్రాంచ్ కలిపి ఒకటిన్నర పైన. మొత్తం 43 బిలియన్లు. అంటే తగ్గుదలలో సగానికి పైగా ఎవరూ ఏమీ అమ్మకుండానే పోయింది.

అధికారిక సమాధానం రెండు విడతల్లో వచ్చింది. ఏప్రిల్ నుంచి జరిగిన తగ్గుదలలో 67 శాతం వాల్యుయేషన్ (ధరలు, మారకం రేట్ల వల్ల విలువలో వచ్చే) మార్పులదేనని సెప్టెంబర్ 30 ద్రవ్య విధాన ప్రకటనలోనే గవర్నర్ శక్తికాంత దాస్ చెప్పారు. తర్వాత చెల్లింపుల శేషం గణాంకాలతో పాటు పూర్తి వివరం వచ్చింది. ఏప్రిల్-సెప్టెంబర్‌లో వాల్యుయేషన్ నష్టం 48.9 బిలియన్లు, నిజంగా బయటికి పోయింది 25.8 బిలియన్లు. నా అంచనాకూ దానికీ ఉన్న తేడాను బట్టి డాలరేతర వాటా గానీ, బాండ్ల గడువు గానీ నేననుకున్న దాని కంటే ఎక్కువై ఉండాలి. రెండింట్లో ఏదో చెప్పడానికి బయటి డేటా చాలదు.

ఇక్కడే ఆపేసి ఉంటే క్లయింటుకు ధైర్యం చెప్పి ఫైలు మూసేసేవాణ్ని. మార్కెట్లో చాలామంది అక్కడే ఆగారు.

నిల్వల్లో కనపడని పుస్తకం

ఆర్‌బీఐ డాలర్లు ఇప్పటికిప్పుడు (స్పాట్‌లో) కొనడం, అమ్మడమే కాదు, ఫార్వర్డ్‌లో కూడా చేస్తుంది. ఫలానా తేదీన ఇన్ని డాలర్లు తీసుకుంటాను, ఈ రేటుకు అని ఒప్పందం. ఆ తేదీ వచ్చేదాకా అది నిల్వల్లో కలవదు. దేశాలు నిల్వల వివరాలిచ్చే ఐఎంఎఫ్ నెలవారీ టెంప్లేట్‌లో మొదటి భాగంలో నిల్వలుంటాయి, రెండో భాగంలో ఇలాంటి ముందస్తు ఒప్పందాలుంటాయి. భారత్ 1996 చివరలోనే ఈ గణాంక ప్రమాణాలకు ఒప్పుకుంది. ఆర్‌బీఐ బులెటిన్‌లో కూడా ఈ పట్టిక వస్తుంది, కానీ రెండు నెలలు ఆలస్యంగా.

డాలర్లు వరదలా వచ్చిన 2020-21, 2021-22 సంవత్సరాల్లో ఆర్‌బీఐ భారీగా ఫార్వర్డ్‌లో కొని పెట్టింది. అన్నీ స్పాట్‌లో కొంటే బ్యాంకుల్లోకి అన్ని రూపాయలు వదలాల్సి వస్తుంది. ఫార్వర్డ్ అయితే ఆ రూపాయలు తర్వాతెప్పుడో. 2022 మార్చి చివరికి ఇలా రావాల్సినవి నికరంగా 65 బిలియన్ డాలర్ల పైనే. సెప్టెంబర్ చివరికి మిగిలింది 10 బిలియన్ల చిల్లర.

ఈ 55 బిలియన్లు ఎటు పోయాయి? కొన్ని ఒప్పందాల గడువు తీరి డాలర్లు నిల్వల్లోకి వచ్చి ఉంటాయి. అలా వచ్చినవి స్పాట్‌లో అమ్మిన డాలర్లను కొంత పూడ్చాయి. ఇంకొన్నిటికి ఎదురుగా ఫార్వర్డ్‌లోనే అమ్మి ఉంటారు. ఏ దారిలో జరిగినా ఫలితం ఒక్కటే. నిల్వలు, రావాల్సిన ఫార్వర్డ్ డాలర్లు రెండూ కలిపి చూస్తే ధరల ప్రభావం తీసేశాక తగ్గింది 25.8 బిలియన్లు కాదు, దాదాపు 80 బిలియన్లు.

కాబట్టి గవర్నర్ మాట నిజమే, ఆర్‌బీఐ భారీగా అమ్మిందన్న కంగారూ పూర్తిగా తప్పు కాదు. నిల్వల తగ్గుదలలో మూడింట రెండు వంతులు ధరల వల్లే. కానీ రూపాయిని కాపాడటానికి వాడిన మందుగుండు, నిల్వల పట్టిక చూపించిన దానికి మూడు రెట్లు. జులైలో ఒక్క నెలలోనే స్పాట్‌లో నికర అమ్మకాలు 19 బిలియన్లు దాటాయి. పక్కన పెట్టుకున్న ఫార్వర్డ్ డాలర్లు అక్టోబర్ నాటికి అడుగంటుతున్నాయి. ఇకపై అమ్మేది నేరుగా పట్టికలో కనిపిస్తుంది.

క్లయింటుకు రాసిన నోట్‌లో ఈ భాగానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

రూపాయల పుస్తకం చెప్పే వేరే కథ

ఆర్‌బీఐ బ్యాలెన్స్ షీట్ రూపాయల్లో ఉంటుంది. అక్కడికి వెళితే బొమ్మ తిరగబడుతుంది. డాలర్లలో నిల్వలు తగ్గిన ఆ ఏడాదే కరెన్సీ, బంగారం రీవాల్యుయేషన్ ఖాతా (ధరలు మారినప్పుడు ఆస్తుల విలువలో వచ్చే తేడాను రాసే ఖాతా) పెరిగింది. 2022 మార్చిలో సుమారు 9.13 లక్షల కోట్లున్నది, 2023 మార్చికి 11.24 లక్షల కోట్లు. ఎందుకంటే డాలర్ 75.8 రూపాయల నుంచి 82.2కి వెళ్లింది. ఉన్న డాలర్లు తగ్గినా ఒక్కో డాలర్ విలువ రూపాయల్లో పెరిగింది.

ఈ పెరుగుదల లాభం కాదు. అమ్మే దాకా అది ఆ ఖాతాలోనే ఉంటుంది, ప్రభుత్వానికి పంచడానికి వీల్లేదు. ఆర్‌బీఐ మూలధనంపై వేసిన బిమల్ జలాన్ కమిటీ కూడా రీవాల్యుయేషన్ నిల్వలను పంచదగ్గ లాభంగా చూడకూడదనే చెప్పింది. అమ్మినప్పుడు మాత్రం కథ వేరు. పాత సగటు ధరకు కొన్న డాలర్‌ను 80కి అమ్మితే తేడా నేరుగా లాభనష్టాల ఖాతాలోకి వస్తుంది. 2022-23లో ఈ పద్దు లక్ష కోట్లు దాటింది. ఆ ఏడాది కేంద్రానికి వెళ్లిన మిగులు 87,416 కోట్లు, అంతకు ముందు ఏడాది 30,307 కోట్లు. రూపాయిని కాపాడే పని ఖజానాకూ పనికొచ్చిందన్నమాట. దీన్ని ఎవరైనా ఉద్దేశంగా చూపిస్తే నేను ఒప్పుకోను. అది పర్యవసానం, అంతే.

బాండ్ల నష్టానికి ఇంకో ఖాతా ఉంది. విదేశీ సెక్యూరిటీల రీవాల్యుయేషన్ ఖాతా 2022 మార్చిలో 94 వేల కోట్ల మైనస్‌లోకి, 2023 మార్చిలో 1.65 లక్షల కోట్ల మైనస్‌లోకి వెళ్లింది. ఆ లోటును కంటింజెన్సీ ఫండ్‌తో, అంటే అనుకోని నష్టాల కోసం దాచిన నిధితో, సర్దుతారు. బాండ్లను గడువు దాకా ఉంచుకుంటే ఈ నష్టంలో చాలావరకు మళ్లీ వెనక్కి వస్తుంది.

బంగారం సంగతి

క్లయింటు దీని గురించి అడగలేదు గానీ, ఆ ఆఫీసులో టీ తాగుతూ మాట్లాడుకున్నప్పుడు అందరూ ఇదే అడిగారు. 2022 మార్చిలో ఆర్‌బీఐ దగ్గర 760.42 టన్నులుంది. అందులో దేశంలో ఉన్నది 295.82 టన్నులే. 453.52 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బీఐఎస్‌ల దగ్గర. మిగిలినది గోల్డ్ డిపాజిట్లు. 1991లో 46.91 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌లకు తాకట్టు పెట్టి 405 మిలియన్ డాలర్లు తెచ్చుకున్న జ్ఞాపకం ఇంకా ఉంది కాబట్టి, బంగారం బయట ఉందంటే తాకట్టులోనే ఉందనుకుంటారు. అది కాదు. లండన్‌లో ఉంటే అమ్మడం, కుదువ పెట్టడం తేలిక, అందుకే అక్కడ ఉంచుతారు. 2009లో దువ్వూరి సుబ్బారావు గారు గవర్నర్‌గా ఉండగా ఐఎంఎఫ్ దగ్గర ఒకేసారి 200 టన్నులు 6.7 బిలియన్ డాలర్లకు కొన్నారు. ఇప్పుడున్న గుట్టలో అది పెద్ద భాగమే.

2024 సెప్టెంబర్ నాటికి మొత్తం 854.73 టన్నులైంది. దేశంలో ఉన్నది 510.46 టన్నులు. 2022లో రష్యా నిల్వల్లో సుమారు 300 బిలియన్ డాలర్లు స్తంభించిపోయిన తర్వాత ఇదంతా భయంతోనే తెచ్చారని చాలామంది అన్నారు. దేశంలో దాచుకునే సామర్థ్యం ఉంది కాబట్టి తెచ్చామని, వేరే అర్థాలు తీయొద్దని దాస్ అన్నారు. ఏది నిజమైనా వారపు పట్టికలో అంకె మారదు. బంగారం నాగ్‌పూర్‌లో ఉన్నా లండన్‌లో ఉన్నా ఔన్సు విలువ ఒకటే.

క్లయింటు ఏం చేశారు

నా సలహా క్లుప్తంగా ఇది. మొత్తం మార్చి దాకా ఒకేసారి బుక్ చేయొద్దు. దగ్గరి మూడు నెలల చెల్లింపుల్లో ఎక్కువ భాగం ఫార్వర్డ్‌లో కట్టేయండి, ఆ తర్వాతి వాటికి విడతలుగా. నిల్వలు అయిపోతాయన్న భయానికి లెక్కల్లో ఆధారం లేదు. కానీ ఆర్‌బీఐ ఇకపై ప్రతి స్థాయిలోనూ జులైలో లాగా నిలబడుతుందన్న ధీమాకూ ఆధారం లేదు. కాబట్టి ఊగిసలాట పెరగవచ్చు. కంపెనీ బోర్డుకు ఇది చప్పగా అనిపించింది. ఫైనాన్స్ హెడ్ మాత్రం ఒప్పుకున్నారు.

2023 మార్చి చివరికి రూపాయి 82.2 దగ్గర ఉంది. నిల్వలు 578 బిలియన్లకు కోలుకున్నాయి. ఆ మొత్తం ఆర్థిక సంవత్సరానికి తగ్గుదల 28.9 బిలియన్లైతే అందులో 19.7 బిలియన్లు వాల్యుయేషన్ నష్టం, 9.1 బిలియన్లు నిజమైన తగ్గుదల. సెప్టెంబర్‌లో 48.9గా ఉన్న వాల్యుయేషన్ నష్టంలో సగానికి పైగా, డాలర్ మెత్తబడగానే ఆరు నెలల్లో తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఇదే పట్టికను గుర్తు తిరగేసి చదవాల్సిన రోజు వచ్చింది. 2024 సెప్టెంబర్ 27న నిల్వలు 704.89 బిలియన్ల కొత్త రికార్డుకు వెళ్లి, మళ్లీ దిగాయి. ఈసారి ఆర్‌బీఐ ఫార్వర్డ్‌లో కొనలేదు, అమ్మింది. 2025 ఫిబ్రవరి చివరన ఇవ్వాల్సిన డాలర్లు నికరంగా 88 బిలియన్ల పైన ఉన్నాయి. నిల్వల అంకె ఆ నెలల్లో బయటికి బలంగానే కనిపించింది. ఆ 88 బిలియన్లను గడువులో ఇచ్చేస్తారా, ముందుకు జరుపుతారా అన్నదాన్ని బట్టి తర్వాతి నెలల్లో అంకె మారాల్సి ఉండింది. అందుకే నా క్లయింట్లకు పంపే నెలవారీ నోట్‌లో శుక్రవారం అంకె పక్కన ఎప్పుడూ ఇంకో గడి ఉంటుంది. రెండు నెలల పాత ఫార్వర్డ్ లెక్క అందులో ఉంటుంది.